పెద్ద పడవ, చిన్న షికారు

ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదుట నీళ్ల మీద తెల్లటి విలాస పడవలు బారులు తీరి కనిపిస్తాయి. శీతాకాలపు శనివారాల్లో వాటిలో కొన్ని అలీబాగ్ పక్కనున్న మాండ్వా వైపు దూసుకుపోతాయి. మిగతావి యజమాని కోసం ఎదురుచూస్తూ ఊగుతుంటాయి. సొంత మోటారు బోటు కొనాలనుకునేవారు షోరూముకు వెళ్లే ముందు ఆ మిగతావాటిని ఓసారి తేరిపార చూడటం మంచిది.

20 అడుగులదా, 40 అడుగులదా అన్నదే అసలు సమస్య. పెద్దదానికి అనుకూలంగా వాదన బలంగానే ఉంది. ముంబై నుంచి మాండ్వాకు రోడ్డు మీద దాదాపు 100 కి.మీ., నీటి మీద 20 కి.మీ. మధ్యాహ్నం గాలి లేస్తే చిన్న బోటు అలల మీద ఎగిరెగిరి పడుతుంది. అందులోని వారు తడిసి ముద్దవుతారు. పెద్దది బరువు మీద అలను చీల్చుకుంటూ పోతుంది. నీడ ఉంటుంది, మరుగుదొడ్డి ఉంటుంది. రెండు ఇంజన్లలో ఒకటి మొరాయిస్తే రెండోది ఒడ్డుకు చేరుస్తుంది.

అయితే పడవల లెక్క కార్ల లెక్క కాదు. అదే ఆకారంలో పొడవు రెట్టింపైతే ఘనపరిమాణం 8 రెట్లవుతుంది. 150 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజన్ పూర్తి వేగంతో గంటకు సుమారు 55 లీటర్లు తాగుతుంది. 300 హార్స్‌పవర్ ఇంజన్లు రెండుంటే అది 220 లీటర్ల దాకా పోతుంది. ముంబైలో లీటరు పెట్రోలు రూ.100 పైమాటే కాబట్టి గంట సరదాకు ఖర్చు మొదటిదానికి రూ.5,500, రెండోదానికి రూ.22,000 దాటుతుంది. వేగం తగ్గిస్తే రెండూ తక్కువే తాగుతాయి కానీ తేడా అలాగే ఉంటుంది.

అసలు భారం ఇంధనం కాదు, బోటు కదలనప్పటి ఖర్చు. మన రోడ్ల మీద వాహనం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. 20 అడుగుల బోటు ఆ హద్దులో ఇమిడిపోతుంది. జూన్‌లో వర్షాలు మొదలవగానే ట్రైలర్ మీదకెక్కించి, మంచినీళ్లతో కడిగి ఇంటి షెడ్డులో పెట్టేయొచ్చు. 40 అడుగులదాన్ని పైకి తీయాలంటే క్రేనో, స్లిప్‌వేనో కావాలి, యార్డులో చోటు కావాలి. ఉప్పునీటిలోనే ఉంటే అడుగున గుల్లలు, నాచు పేరుకుని వేగం తగ్గుతుంది, ఇంధనం ఖర్చు పెరుగుతుంది. అందుకు ప్రత్యేకమైన రంగు వేయిస్తుండాలి. సరంగుకు, కళాసీకి ఏడాది పొడవునా జీతాలు. సరంగు సెలవు పెడితే యజమాని షికారూ రద్దే.

పెద్దదైతే క్షేమమన్న భరోసా కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. 2024 డిసెంబర్ 18న ఎలిఫెంటాకు వెళ్తున్న నీల్‌కమల్ ఫెర్రీలో వందమందికి పైగా ఉన్నారు. ఇంజన్ పరీక్షలో ఉన్న నౌకాదళం స్పీడ్‌బోటు అదుపు తప్పి దాన్ని ఢీకొనడంతో 15 మంది చనిపోయారు. ఏ సైజు బోటైనా ఎక్కినవారందరికీ ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. చిన్న బోటు నడిపేవారు ఇంజన్ కట్ స్విచ్ తాడును ఒంటికి తగిలించుకోవాలి. వారు నీళ్లలో పడితే ఇంజన్ అదే ఆగిపోతుంది. పరిమితికి మించి ఒక్కరిని కూడా ఎక్కించుకోకూడదు.

కోచి బ్యాక్‌వాటర్స్ లాంటి ప్రశాంత జలాల్లో నలుగురు తిరగడానికి 20 అడుగులే ధారాళం. వారం వారం పదిమందితో సముద్రం దాటేవారికి పెద్దదే న్యాయం. ఏదీ తేలనివారు గేట్‌వే దగ్గర రెండు రకాలూ అద్దెకు తీసుకుని ఒక సీజన్ తిరిగి చూడొచ్చు. ఎన్నిసార్లు వెళ్లారో, ప్రతిసారీ ఎందరొచ్చారో రాసుకుంటే చాలు. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే అతిథుల కోసం పెద్ద పడవ కొంటే, మిగతా రోజుల్లో అందులో షికారు చేసేది కాకులే.