కుక్క ఒంటికి ఏది పూసినా దాని కడుపులోకే పోతాది

ఈ తూరి శనగ గురించి, పత్తి గురించి కాదు, మన చేన్ల కాడ, గొర్రెల మంద కాడ ఉండే కుక్కల గురించి రాస్తన్నా. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. అడవి పందులు పడే చేన్లో రేత్రి కావలి పండుకున్నోనికి తెలుసు కుక్క విలువ ఏందో.

ఎండలు ముదిరితే చాలు, కోయిలకుంట్ల చుట్టుపక్కల ఏ కుక్క చెవిలో చూసినా గోమార్లే. కొందరు పిడుదులు అంటారు, రెండూ ఒకటే. దానికి మనోళ్లు చేసే వైద్యం ఏందంటే, పత్తికి కొట్టంగా డబ్బా అడుగున మిగిలిన మందు నీళ్లలో కలిపి కుక్క మీద పోయడం. గజ్జి పడితే ట్రాక్టర్‌లోంచి తీసిన కాలిన ఆయిల్ పూయడం. పోయిన ఎండాకాలం మా దిక్కున ఒకాయన మోనోక్రోటోఫాస్ పోసినాడు. గోమార్లు రాలినాయి, నిజమే. పొద్దు గూకే లోపల కుక్క చొంగ కార్చుకుంటా, వణుక్కుంటా సచ్చిపోయింది. "వయసైపోయింది లేప్పా" అన్నారు. మూడేండ్ల కుక్కకు వయసేంది?

ఆ మందు ఎట్లాంటిదో మనకు తెలీంది కాదు. 2013 జూలైలో బీహార్‌లో ఛప్రా దగ్గర 23 మంది బడి పిల్లోళ్లు మధ్యాహ్నం అన్నం తిని చనిపోయింది ఈ మోనోక్రోటోఫాస్ వల్లనే. అది నోట్లోంచే కాదు, తోలులోంచి కూడా ఒంట్లోకి దిగుతాది. మనమైతే మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటాం, ఇంటికొచ్చి సబ్బుతో స్నానం చేస్తాం. కుక్క ఏం చేస్తాది? ఒళ్లంతా నాక్కుంటాది. అందుకని నా లెక్క ఒకటే. నాకినా ఏం కాదు అని మీకు ధైర్యం లేంది ఏదీ దాని ఒంటికి పూయొద్దు. పురుగుమందు, కాలిన ఆయిల్, కిరసనాయిలు, ఫినాయిల్, అన్నీ ఈ లెక్కలోనే తేలిపోతాయి.

ఎవరన్నా అప్పటికే పోసేసింటే, చేతులకు కవర్లు కట్టుకుని సబ్బు నీళ్లతో రెండు మూడు తూర్లు బాగా కడిగి, వెంటనే పశువుల డాక్టర్ కాడికి తీసకపోండి. మందు డబ్బా కూడా చేతిలో పట్టకపోండి. ఏ మందో తెలిస్తేనే ఆయన సరైన సూది వేయగలడు.

అట్లని వంటింట్లో ఉండేవన్నీ మంచివి అనుకోవద్దు. ఇప్పుడు ఫోన్లలో వీడియోలు చూసి వెల్లుల్లి నూరి పూసేవాళ్లు, అన్నంలో కలిపి పెట్టేవాళ్లు తయారైనారు. ఉల్లి, వెల్లుల్లి మనిషికి మంచివే, కుక్క రక్తంలో మాత్రం ఎర్రకణాలు పగిలిపోతాయి. గోమార్లు తాగింది చాలదని మనం కూడా తాగినట్లు. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పూస్తే బాగుంటాదని ఇంకొకరు చెప్తారు. అది నాకితే ఫిట్స్ వస్తాయి.

మరి ఏం చేయాల? నేను చేసేది చెప్తా. వేపాకు రెండు దోసిళ్లు నీళ్లలో మరగబెట్టి, చల్లారినాక వడగట్టి కుక్కను కడుగుతా. ఎక్కువ ఉంటే లీటరు నీళ్లకు 10 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి, కళ్లకు తగలకుండా ఒళ్లు తుడుస్తా. ఉత్త వేపనూనె పూయను, పిల్ల కుక్కలకు అసలే వాడను. వేపతో గోమార్లన్నీ సావవు, తగ్గుతాయి అంతే. అసలు పని చేతిదే. చెవి లోపల, తోక కింద, వేళ్ల సందుల్లో చూడాల. మన నల్లరేగడి బురద వేళ్ల మధ్య ఎండి గట్టిగా అతుక్కుంటాది, దాని కిందనే ఇవి దాక్కుంటాయి. బురద కడిగి, పట్టకారుతో తోలుకు ఆనించి పట్టుకుని నేరుగా లాగి, డీజిల్ పోసిన సీసాలో వేయాల. గోటితో నలపొద్దు, రాయితో చితక్కొట్టొద్దు. దాంట్లో ఉండే రోగం మన చేతి గాయంలోంచి మనకు దిగొచ్చు.

ఇంత చేసినా వారానికి మళ్లీ అన్నే ఉంటాయి. ఎందుకంటే గోమార్లు కుక్క మీద కన్నా ఇంట్లోనే ఎక్కువ ఉంటాయి. ఆడ గోమారి కడుపు నిండా రక్తం తాగి, కింద రాలి, గోడ సందులోకి పోయి వేల గుడ్లు పెడతాది. ఆ పిల్లలు తిండి లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. మన దిక్కు నాపరాళ్ల గోడలు, సందులకు కొదవ లేదు. కుక్క పండుకునే కాడ పాత గోనెసంచులు కాల్చేసి, సందులు మెత్తి, సున్నం కొట్టినాకనే నా కాడ తగ్గింది. దీనికి పెద్ద ఖర్చేం కాలేదు, ఒక పూట పని.

గజ్జికి మా పెద్దోళ్లు గంధకం పొడి కొబ్బరినూనెలో కలిపి పూసేవాళ్లు. అది ఉత్త నమ్మకం కాదు, గజ్జి పురుగుకు గంధకం నిజంగానే పనిచేస్తాది. కాకపోతే చేన్లో కొట్టే గంధకం ప్యాకెట్ వాడొద్దు, దాంట్లో వేరేవి కలిపింటారు. గొర్రెలకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ అంచనా మీద కుక్కకు పొడవడం కూడా మానాల. మోతాదు మీరితే నడక పోతాది, చూపు పోతాది. కొన్ని జాతులకు కొంచెమైనా పడదు.

ఇంటి వైద్యం ఆపాల్సిన చోటు ఒకటుంది. కుక్క తిండి మానేసి, ఒళ్లు కాలుతూ, చిగుళ్లు తెల్లబడి, ముక్కులోంచి రక్తం కారితే అది గోమార్ల జ్వరం కావొచ్చు. దానికి వేపాకు, పసుపు పనిచేయవు. సాధారణంగా డాక్సీసైక్లిన్ బిళ్లలు ఇస్తారు, పెద్ద ఖరీదేం కాదు. కానీ కుక్క బరువు చూసి డాక్టర్ చెప్పినట్లు మూడు నాలుగు వారాలు వేయాల. నాలుగు రోజులకు లేచి తిరుగుతాందని ఆపేస్తే జ్వరం మళ్లీ తిరగబెట్టొచ్చు.

"కుక్కకు డాక్టరా" అని సిగ్గుపడేవాళ్లకు ఒక మాట. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ పొద్దు అందరూ తీసకపోతారు కాబట్టి ఎవరూ నవ్వరు. టీకా వేయించి, చెవులు కూడా చూపించి, గోమార్లకు ఏ మందు ఎంత వాడాలో చీటీ మీద రాయించుకుని రండి.