క్రిస్మస్ తాత టోపీకి అనుమతి పత్రమా?

2023 డిసెంబరులో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ జిల్లా విద్యాధికారి ఒక ఉత్తర్వు జారీ చేశారు. బడిలో ఏ విద్యార్థికైనా క్రిస్మస్ తాత వేషం వేయాలంటే ముందుగా తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి ఉండాలనీ, ఫిర్యాదు వస్తే యాజమాన్యంపై చర్య తప్పదనీ దాని సారాంశం. మరుసటి ఏడాది ఆ రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ కూడా ఇంచుమించు అదే మాట చెప్పింది. మరుగుదొడ్డి లేక ఆడపిల్లలు బడి మానేస్తున్న దేశంలో, పంతులు లేక తరగతులు మూతపడుతున్న దేశంలో, బాలల హక్కుల కోసమే ఏర్పడిన ఒక సంస్థ కంటికి ఎర్ర టోపీ, దూది గడ్డం ప్రమాద చిహ్నాలుగా కనిపించాయి.

చూడడానికి చిన్న కాగితమే. అయితే ఆ కాగితం ఒక అనుమానానికి ప్రభుత్వ ముద్ర వేసింది. డిసెంబరులో పిల్లలు పాడే పాటలో, వేసే వేషంలో, తల్లిదండ్రుల చేయి పట్టుకుని చూడబోయే దీపాల్లో ఏదో కుట్ర ఉందన్నదే ఆ అనుమానం. ప్రభుత్వం కాగితంపై రాసిన అనుమానాన్ని వీధిలో గుంపు కర్రతో అమలు చేస్తుంది. గత కొన్ని డిసెంబరుల చరిత్ర అంతా ఇదే.

తేదీల వారీగా చూడండి. 2017 డిసెంబరులో అలీగఢ్‌లో హిందూ జాగరణ్ మంచ్ పాఠశాలలకు హెచ్చరిక పంపింది, హిందూ విద్యార్థులతో క్రిస్మస్ జరిపించవద్దని. అదే నెల మధ్యప్రదేశ్‌లోని సత్నాలో కేరల్ పాటలు పాడడానికి వెళ్లిన గురువిద్యార్థులను మతమార్పిడి ఫిర్యాదుపై పోలీసులు స్టేషనుకు తీసుకుపోయారు. వారి కోసం వచ్చిన ఫాదర్ల కారును ఆ స్టేషను బయటే తగలబెట్టారు. 2021లో ఆగ్రాలో క్రిస్మస్ తాత దిష్టిబొమ్మలు కాలాయి. అదే ఏడాది హరియాణాలోని పటౌడీలో ఒక బడిలో జరుగుతున్న వేడుకలోకి కొందరు చొరబడి దాన్ని ఆపించారు. 2024లో ఇందోర్‌లో ఇంటింటికీ ఆహారం చేరవేసే యువకుణ్ణి రోడ్డు మీద నిలబెట్టి ఒంటి మీది తాత వేషం విప్పించారు. పొట్టకూటి కోసం వేసుకున్న వేషం అది. 2025లో క్రిస్మస్‌కు కొద్ది రోజుల ముందు కేరళలోని పాలక్కాడ్ జిల్లా పుదుశ్శేరిలో పిల్లల కేరల్ బృందంపైనే దాడి జరిగింది. పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు.

ఈ వరుసలో చర్చిల మీద దాడులను నేను చేర్చలేదు. వాటి జాబితా వేరు. ఇక్కడ చెప్పినవన్నీ బడి, వీధి, బజారు. పండుగ ముందు రోజుల్లో పిల్లలు తిరిగే చోట్లు.

నా చిన్ననాటి డిసెంబరు ఒకటి చెప్పాలి. మాది క్రైస్తవ కుటుంబం కాదు. కోస్తాలో ఒక మామూలు ఊరు. డిసెంబరు మూడో వారం వచ్చేసరికి ఊరికి ఆవల ఉన్న పేటలో ఇళ్లపై వెదురు బద్దలతో, రంగు కాగితంతో చేసిన నక్షత్రాలు వెలిగేవి. రాత్రి పొద్దుపోయాక పెట్రోమాక్స్ దీపంతో, కంజిరతో కేరల్ బృందం బయలుదేరేది. ఏడాదంతా పేట వైపు వెళ్లనివ్వని పెద్దలు ఆ నాలుగు రాత్రులూ చూసీ చూడనట్టు ఊరుకునేవారు. మేము పాటల వెంట నడిచేవాళ్లం. పశువుల పాక బొమ్మరిల్లులో గడ్డి మీద పడుకున్న పసివాణ్ణి చూసి, మా సంక్రాంతి బొమ్మల కొలువుకు పోల్చుకునేవాళ్లం. అక్కడ ఇచ్చిన అరిసెలు తిని, మిగిలినవి జేబులో వేసుకుని ఇంటికి వచ్చేవాళ్లం.

ఒకసారి ఆ అరిసె మా నాయనమ్మ కంట పడింది. గుమ్మం బయటే పారవేయించి, స్నానం చేయించి గాని ఇంట్లోకి రానివ్వలేదు. ఆమెకు ఏసుతో పేచీ లేదు. గుడ్ ఫ్రైడే నాడు పేటవాళ్లు ఉపవాసం ఉంటారని మెచ్చుకునేది కూడా. ఆమెకు అడ్డు వచ్చింది ఆ పిండి కలిపిన చేయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ‘పూర్వం అంతా సామరస్యమే, ఇప్పుడే చెడిపోయింది’ అన్న తీపి అబద్ధాన్ని నేను అమ్మదలచుకోలేదు. తెలుగునాట క్రిస్మస్‌లో ఎక్కువ భాగం పేటలది, గూడేలది. మతం మారినా కులం వారిని వదలలేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు పుణ్యమా అని రిజర్వేషను మాత్రం వదిలిపోయింది. ఇంటి మీద నక్షత్రం కట్టాలా వద్దా అన్నది నేటికీ కొన్ని ఇళ్లలో కుల ధ్రువీకరణ పత్రంతో ముడిపడిన ప్రశ్న. పిల్లవాడు నక్షత్రం కావాలని మారాం చేస్తాడు, తండ్రి వీధి వైపు చూస్తాడు. ఆ చూపులో ఉన్న భయాన్ని కొలిచే సర్వే ఏదీ లేదు.

అయినా ఆ నాలుగు రాత్రులు పిల్లలను కలిపాయి. పెద్దల చట్టం ఒప్పుకోని దారిని పాట తెరిచింది. ఇవాళ గుంపులు మూయాలని చూస్తున్నది ఆ దారినే.

పట్టణ మధ్యతరగతి ఇంతకాలం తనకు వేరే భద్రత ఉందనుకుంది. మనది చర్చి క్రిస్మస్ కాదు, బజారు క్రిస్మస్. మాల్‌లో ఆకాశాన్నంటే చెట్టు, దాని పక్కన ఫొటో, పిల్లవాడి చేతిలో ప్లమ్ కేకు ముక్క, అపార్టుమెంటులో సెమీ క్రిస్మస్. ఇందులో మతమెక్కడిది, ఎవరు అడ్డొస్తారని ధీమా. 2025 డిసెంబరు 24న రాయపూర్‌లో ఆ ధీమా పగిలింది. మతమార్పిడులకు నిరసన పేరిట ఛత్తీస్‌గఢ్ బంద్ జరుగుతుండగా కర్రలు పట్టుకున్న గుంపు మాగ్నెటో మాల్‌లోకి దూసుకెళ్లి అలంకరణలన్నీ ధ్వంసం చేసింది. మార్పిడి చేయడానికి అక్కడ పాస్టరు లేడు, బైబిలు లేదు. థర్మాకోల్ బొమ్మలు, విద్యుద్దీపాలు ఉన్నాయి. బస్తర్ పల్లెల్లో క్రైస్తవ ఆదివాసీల శవాలను ఊరి శ్మశానంలో పూడ్చనివ్వనప్పుడు ‘అది మారుమూల గొడవ’ అనుకున్న నగరానికి, ఆ మారుమూల తన ఎస్కలేటరు దాకా నడిచి వచ్చింది.

మరునాడు ఉదయం ప్రధానమంత్రి ఢిల్లీలోని కెథెడ్రల్ చర్చ్ ఆఫ్ ది రిడెంప్షన్‌లో ప్రార్థనలకు హాజరయ్యారు. ప్రేమ, శాంతి, కరుణ అంటూ సందేశమిచ్చారు. రాయపూర్ పేరు అందులో లేదు. దేశాధినేతలకు చూపే చర్చి ఒకటి, కార్యకర్తలకు వదిలిన వీధి మరొకటి. ఈ రెంటి మధ్య దూరం ఒక్క రాత్రి మాత్రమే.

ఇక ప్రత్యర్థుల వాదన వినాలి. అందులో గట్టి అంశం ఒకటుంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. ‘పిల్లలను బలవంతం చేయకూడదు, తల్లిదండ్రుల సమ్మతి అడిగితే తప్పేమిటి?’ అంటున్నారు. రాజ్యాంగంలోని 28(3) అధికరణ చెప్పేదీ ఆ సూత్రమే. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే విద్యాసంస్థలో మతబోధకైనా ఆరాధనకైనా ఎవరినీ సమ్మతి లేకుండా హాజరుపరచరాదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. ఏ మిషనరీ బడి అయినా హిందూ పిల్లవాణ్ణి ప్రార్థనకు నిర్బంధిస్తే నేను ఆ పిల్లవాడి పక్షమే.

అయితే రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. ఎర్ర టోపీ పెట్టుకుని మిఠాయి పంచడం ఏ ఆరాధన? తాత పూజ ఏ చర్చిలో జరుగుతుంది? రెండోది, 28(3) అన్ని మతాలకూ వర్తిస్తుంది కదా. ప్రతి కృష్ణాష్టమికీ ముస్లిం తల్లి తన బిడ్డకు నెమలి పింఛం కట్టి తీసుకెళ్లే ఫొటోను మన పత్రికలు మొదటి పేజీలో వేసి మురిసిపోతాయి. నేనూ మురిసిపోతాను. ఆ పింఛానికి లిఖితపూర్వక అనుమతి కోరిన విద్యాధికారి ఎవరైనా ఉన్నారా? వసంత పంచమి నాడు బడిలో సరస్వతీ పూజ ముందు కూర్చున్న క్రైస్తవ బాలుడి తల్లిదండ్రుల సంతకం ఎవరైనా తీసుకున్నారా? ఒక మతానికి పింఛం, మరో మతానికి పత్రం అయితే, దాన్ని సమ్మతి సూత్రం అనరు, వివక్ష అంటారు.

బలవంతం గురించి మాట్లాడేవారు 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు చదవాలి. కేరళలో ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు గాని, తమ విశ్వాసం ఒప్పుకోదని గొంతు కలపలేదు. బడి వెళ్లగొట్టింది. తెలుగువాడైన జస్టిస్ ఒ. చిన్నప్ప రెడ్డి ధర్మాసనం వారిని తిరిగి చేర్చుకోమంది. ఆ పిల్లలు యెహోవా సాక్షులు, క్రిస్మస్ కూడా జరుపుకోని శాఖ. పాడనన్న పిల్లవాణ్ణి కాపాడిన ఆ రాజ్యాంగమే, పాడతానన్న పిల్లవాణ్ణీ కాపాడాలి. పుదుశ్శేరి పిల్లలు అడిగింది అంతకు మించి ఏమీ లేదు.

డిసెంబరు 25ను క్రిస్మస్ నుంచి విడదీసే పని మరో వైపు నుంచీ సాగుతోంది. 2014లో కేంద్రం ఆ తేదీని సుపరిపాలన దినంగా ప్రకటించింది, వాజ్‌పేయి పుట్టినరోజు కనుక. ఆ ఏడాదే ఆశారాం అనుచరులు ఆ రోజును ‘తులసి పూజా దినం’గా ప్రచారంలోకి తెచ్చారు. అప్పటికే ఆయన జైల్లో ఉన్నాడు. 2018లో జోధ్‌పూర్ కోర్టు ఆయనను మైనరు బాలికపై అత్యాచారం కేసులో దోషిగా తేల్చి యావజ్జీవం విధించింది. తులసికి ఏ దోషమూ లేదు, అది ప్రతి పెరట్లో ఉండదగిన మొక్క. కానీ పిల్లలను ఎర్ర టోపీ నుంచి కాపాడతామంటూ ఆ ప్రచారాన్ని నెత్తికెత్తుకున్నవారు, అది ఎవరి ఆశ్రమం నుంచి వచ్చిందో ఒకసారి తల్లిదండ్రులకు చెప్పాలి.

వాజ్‌పేయి పుట్టింది 1924 డిసెంబరు 25న. సరిగ్గా అదే రోజున మెదక్ కెథెడ్రల్ ప్రారంభమైంది. 1914లో మొదలైన ఆ నిర్మాణం కరవు రోజుల్లో చుట్టుపక్కల పల్లెల కూలీలకు అన్నం పెట్టింది. ఈనాటికీ డిసెంబరు చివరి వారంలో అక్కడికి వచ్చే బస్సుల్లో బొట్టు పెట్టుకున్న తల్లులు, బురఖా వేసుకున్న తల్లులు పిల్లలతో దిగుతారు. రంగుటద్దాల కిటికీల్లోంచి వెలుగు పడేటప్పుడు పిల్లలు నోరు తెరిచి చూస్తారు. ఆవరణలో చెట్ల కింద చద్ది మూటలు విప్పుతారు. ఎవరి మతమూ మారదు. ఒకే తేదీలో ఒక నాయకుడూ ఒక కట్టడమూ వందేళ్లు ఇమిడి ఉన్నప్పుడు, ఒక పేరు చెప్పి మరొకదాన్ని చెరపాల్సిన అవసరం ఎవరికి వచ్చింది?

మన ‘సెక్యులర్’ పార్టీలకూ ఒక మాట. హైదరాబాద్ ఎల్.బి. స్టేడియంలో ప్రభుత్వ విందు, కొత్త బట్టల పంపిణీ, కేకు కోస్తూ ఫొటో. మంచిదే. కానీ సత్నా, పటౌడీ, రాయపూర్ పేర్లు ఆ వేదికల మీద ఎన్నిసార్లు వినిపించాయి? ఆంధ్రలో కూటమికి ఢిల్లీ అవసరం, ప్రతిపక్షానికి ఢిల్లీ భయం. కేకు కోసే చేతులు నోటికి అడ్డం పడుతున్నాయి.

ఉపఖండం దీని చివరి మెట్టును చూసింది. 2017 డిసెంబరు 17న, సత్నాలో కారు కాలిన ఆ వారంలోనే, పాకిస్తాన్‌లోని క్వెట్టాలో క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం ఆరాధనకు పిల్లలతో వచ్చిన కుటుంబాలపై బెథెల్ మెమోరియల్ మెథడిస్టు చర్చిలో ఉగ్రవాదులు దాడి చేశారు. అంతకు ఏడాదిన్నరకు పైగా ముందు, 2016 ఈస్టరు సాయంత్రం లాహోర్ గుల్షన్-ఎ-ఇక్బాల్ పార్కులో ఊయలల దగ్గర బాంబు పేలి 70 మందికి పైగా మరణించారు. క్రైస్తవులే లక్ష్యమని హంతకులు ప్రకటించుకున్నారు. చనిపోయినవారిలో ఎక్కువమంది ముస్లింలు. మనం ఆ మెట్టు మీద లేము. కర్రకూ బాంబుకూ తేడా ఉంది. అయితే ఊయల దగ్గర పిల్లల మతం వెతికే చూపు ఎక్కడైనా ఒకటే, అది చివరకు ఎవరి పిల్లలనూ మిగల్చదు.

కోరవలసింది పెద్దదేమీ కాదు. షాజాపూర్ తరహా ఉత్తర్వులు రద్దు కావాలి, లేదా అన్ని మతాల వేడుకలకూ ఒకేలా వర్తించాలి. కేరల్ బృందానికి రక్షణ ఇవ్వడం పోలీసుల దయ కాదు, విధి. పిల్లల వేడుకలోకి చొరబడినవారిపై పెట్టిన కేసు జనవరికల్లా మరుగున పడకూడదు.

మనం చేయగలిగింది ఇంకా చిన్నది. వచ్చే డిసెంబరులో మీ పిల్లలను మాల్‌కు తీసుకెళ్లండి, వద్దనను. తిరిగి వచ్చేటప్పుడు మీ ఊరి పేటలోనో బస్తీలోనో నక్షత్రం కట్టిన ఒక ఇంటి ముందు ఆగండి. వాళ్లు ఇచ్చిన అరిసెను పిల్లలు అక్కడే తింటారు. జేబులో మిగిలితే ఇంటికి తెచ్చుకోనివ్వండి.