ప్రపంచచరిత్ర బోధన

ఉన్నత పాఠశాలలలోని బాలబాలికలకు ప్రపంచచరిత్ర బోధించుట యవసరమా యని సందేహించువారు మనలో లేకపోలేదు. స్వదేశచరిత్రయే చక్కగ రాని పిల్లలకు పరదేశముల గొడవ యెందుకని వారి వాదము. దేశాభిమానముచే బుట్టినట్లు తోచు నీ వాదము దేశమునకే నష్టము కలిగించునని మా యభిప్రాయము. పరుల కథ తెలియనిదే మన కథ మనకు దెలియదు.

మచిలీపట్టణమునే చూతము. 1611లో నాంగ్లవర్తకుల ‘గ్లోబు’ నౌక యా రేవు చేరెను. డచ్చివారంతకు మున్నే యచ్చట వర్తకము సాగించుచుండిరి. వారినందరిని రప్పించినది మన నేతగాండ్ర యొక్కయు, అద్దకపువారి యొక్కయు పనితనమే. మన యద్దకపు వస్త్రములపై నైరోపాలో మోజు మితిమీరగా, 1686లో ఫ్రెంచి ప్రభుత్వము వానిని నిషేధించెను. ఇంగ్లండు పార్లమెంటు 1700లో నొక శాసనమును, 1721లో మరింత కఠినమగు వేరొక శాసనమును గావించెను. 1769లో ఆర్క్‌రైటు తన వడుకు యంత్రమునకు పేటెంటు పొందెను. లాంకషైరు మిల్లులు విస్తరించెను. వానికి వలసిన ప్రత్తిలో నధికభాగమును అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసలు కొరడాదెబ్బలకోర్చి పండించిరి. తుదకా మిల్లుగుడ్డ మన సంతలకు వచ్చి పెక్కు మగ్గములను మూలబడవైచెను.

నాలుగు ఖండములకు సంబంధించిన యీ కథలో నే భాగమును దీసివేసినను దక్కినది యర్థము కాదు. అయినను 2022లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, భారము తగ్గించు నెపమున, పదునొకండవ తరగతి ప్రపంచచరిత్ర గ్రంథమునుండి పారిశ్రామిక విప్లవాధ్యాయమునే తొలగించెను. యంత్రయుగమును గూర్చి వినని విద్యార్థి, గాంధీమహాత్ముడు రాట్నమునేల చేపట్టెనో యెట్లు గ్రహింపగలడు?

అంతియే కాదు. 1931లో రౌండుటేబిలు సభకై యింగ్లండు వెళ్లిన మహాత్ముడు, విదేశవస్త్ర బహిష్కారముచే గూడ పని కోల్పోయిన లాంకషైరు కార్మికులను వారి యూళ్లకే పోయి చూచెను. వారాయనను నాదరముతో నెదుర్కొనిరి. అన్యాయమును ద్వేషింపవలెను గాని జాతిని ద్వేషింపరాదను నీతిని ఇంతకంటె స్పష్టముగ నే పాఠము చెప్పగలదు?

ఇక భారమందురా, భారము చరిత్రలో లేదు. పరీక్షకై వల్లించు రాజుల పట్టికలలోను, యుద్ధముల తేదీలలోను గలదు. 1930లో నెహ్రూపండితుడు చెరసాలనుండి ప్రపంచచరిత్రను జాబులుగా వ్రాయ నారంభించినపుడు ఆయన కుమార్తెకు పదుమూడేండ్లు. ఆ వయస్సు పిల్లలకు చరిత్ర రుచింపదనుట పొరపాటు. రుచించునట్లు చెప్పువారు కావలెను.

కావున మేము కోరునది స్వల్పము. దేశమునకొక యధ్యాయము చొప్పున పేర్చుట మాని, ప్రత్తి, కాగితము, మిరపకాయ వంటి యొక్కొక్క వస్తువు వెంట విద్యార్థిని లోకమంతట ద్రిప్పుడు. తన యింటి పచ్చడిలోని కారము అమెరికా ఖండమునుండి వచ్చినదని తెలిసిన బాలుడు గోడమీది ప్రపంచపటమును దానే వెదకును. ఉపాధ్యాయులకిందులకై శిక్షణ నొసగుడు. పాఠశాలకొక మంచి గ్రంథాలయమునిండు. పరీక్షలో తేదీలకంటె కారణములనడుగుడు.

లోకము నెరుగని జాతిని లోకము తన యిచ్చవచ్చినట్లు నడపును. మన పూర్వులీ సత్యమును మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొనిరి. ఆ పాఠమును బిడ్డలకు దాచిపెట్టు హక్కు మనకు లేదు.