సగము నింపిన ప్రమేయము

కంప్యూటరు శాస్త్రము ఇంగ్లీషు వచ్చినవారి సొత్తు అను భయము మన కురిచేడు, దొనకొండ, మార్కాపురము ప్రాంతముల విద్యార్థులలో నేటికిని కలదు. ఈ భయము నిరాధారమని మా అభిప్రాయము. జావాస్క్రిప్టులో కఠినమని పేరుపడిన ఒక విషయమునే ఇందుకు నిదర్శనముగా గ్రహింతము. ప్రమేయమునకు కావలసిన విలువలలో కొన్నింటిని ముందుగా ఇచ్చి, మిగిలినవానిని తరువాత ఇచ్చుటయే ఆ విషయము.

మార్కాపురము పలకరాతినే తీసికొందము. బండకు వెల కట్టుటకు మూడు విలువలు కావలెను: చదరపు అడుగు ధర, పొడవు, వెడల్పు. ఈ మూడింటిని గుణించు ప్రమేయమునకు 'వెల' అని పేరు పెట్టుదము. నేటి ధర 40 రూపాయలనుకొందము. ప్రతి బేరమునకు ఆ 40ని మరల మరల వ్రాయనేల? 'వెల.బైండ్(నల్, 40)' అన్నచో ధరను జ్ఞాపకముంచుకొన్న క్రొత్త ప్రమేయము లభించును. దానికి 'నేటివెల' అని పేరిడి, 'నేటివెల(3, 2)' అని అడిగినచో 240 వచ్చును. 'నల్' అనునది ఇచ్చట అక్కరలేని 'దిస్' స్థానమును పూరించుటకు మాత్రమే.

బైండ్ విలువలను ఎడమనుండి వరుసగా నింపును. కావున అరుదుగా మారునది ముందును, తరచుగా మారునది వెనుకను ఉండవలెను. ఏది నిలుచును, ఏది మారును అని తెలిసికొనుటకు కావలసినది వివేకమే కాని ఇంగ్లీషు కాదు.

బైండ్ 2009 నాటి ప్రమాణముతో జావాస్క్రిప్టులో చేరినది. దీనికి దగ్గరి చుట్టమైన భావము, అనగా పలు విలువల ప్రమేయమును ఒక్కొక్క విలువనే గ్రహించు ప్రమేయముల వరుసగా మార్చుట, మోజెస్ షోన్‌ఫింకెల్ 1924లో ప్రచురించిన వ్యాసమున కనిపించును. హాస్కెల్ కర్రీ పేర అది 'కరీయింగ్'గా ప్రసిద్ధి చెందెను. ఆ వ్యాసము జర్మన్ భాషలో వ్రాయబడినది. 'అల్గోరిథమ్' అను మాటయో, అరబ్బీలో గ్రంథములు రచించిన అల్ ఖ్వారిజ్మీ పేరునుండి పుట్టినది. శాస్త్రమునకు ఒక్కటే మాతృభాష లేదు. జావాస్క్రిప్టు సైతము ప్రమేయముల పేర్లను తెలుగు లిపిలోగాని ఉర్దూ లిపిలోగాని వ్రాయనిచ్చును.

ఉద్యోగములకు ఇంగ్లీషు అవసరము కదా అని కొందరందురు. నిజమే, దానిని నేర్పవలసినదే. కాని అర్థము తెలియక కంఠస్థము చేసిన మాట, ప్రశ్న కొంచెము మారగానే చేయిజారును. అర్థము తెలిసినవానికి పేరు నేర్చుట ఒక దినపు పని.

కావున మొదటి సంవత్సరమున ప్రతి క్రొత్త భావమును ముందు నల్లబల్లపై తెలుగు, ఉర్దూలలో వివరించి, పిదప ఇంగ్లీషు పేరు చెప్పి, ఆపైననే విద్యార్థిని యంత్రము కడకు పంపవలెనని కళాశాల సంఘము వారికి విన్నవించుచున్నాము. విద్యార్థులారా, భయమును విడువుడు. మీ భాషలో ఆలోచించుటకు ఏ యంత్రమును అడ్డు చెప్పదు.