ల్యాబ్‌లో చిట్టెలుక: పాపం కదా?

పిల్లలూ, వినాయక చవితికి గణపతి పాదాల దగ్గర ఉండే చిట్టెలుక మీకు తెలుసు. ఆ చిట్టెలుకకే ల్యాబ్‌లో కావాలని జబ్బు తెప్పిస్తారని వింటే ఏమంటారు? "పాపం కదా!" అంటారు. పాపమే. అయినా ఆ ప్రయోగాలు ఇప్పుడే ఆపకూడదని నా అభిప్రాయం.

మేముండే గలాలీ బహ్రెయిన్‌లో ఉంది. ఇక్కడ సికిల్ సెల్ అనే జబ్బు చాలా కుటుంబాల్లో ఉంది. అందుకే పెళ్లికి ముందు రక్తపరీక్ష తప్పనిసరి అని 2004లో చట్టం చేశారు. మన అరకు, పాడేరు వైపు గిరిజనుల్లోనూ ఈ జబ్బు కనిపిస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. (కొడవలి అంటే వరి కోసే పనిముట్టు.) అవి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే భరించలేని నొప్పి. ఒక్క అక్షరం మారితే 'కల' కాస్తా 'కళ' అయిపోతుంది చూడండి, అలా జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారినందుకు ఇంత బాధ!

తమాషా ఏంటంటే, చిట్టెలుకలకి ఈ జబ్బు రాదు. వాటి హిమోగ్లోబిన్ వేరు. అందుకే 1997లో అమెరికా శాస్త్రవేత్తలు మనిషి హిమోగ్లోబిన్ జన్యువులున్న చిట్టెలుకల్ని పుట్టించారు. వాటి రక్తకణాలూ కొడవలిలా వంగాయి. చిట్టెలుకే ఎందుకంటే, మూడు వారాల్లో పిల్లల్ని పెడుతుంది, మన జన్యువుల్లో చాలావాటికి దాని దగ్గరా జోడీ ఉంటుంది.

2023లో కాస్జెవీ అనే కొత్త చికిత్స వచ్చింది. ముందు బ్రిటన్, తర్వాత బహ్రెయిన్ అనుమతిచ్చాయి. అమెరికా కంటే ముందే! రోగి సొంత రక్త మూలకణాలు తీసి, జన్యువులో ఒకచోట కత్తిరిస్తారు. దాంతో అమ్మ కడుపులో ఉన్నప్పుడు మనందరికీ ఉండే హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. అలా మార్చిన కణాల్ని ముందు చిట్టెలుకల ఒంట్లోకి ఎక్కించి, అవి అక్కడ నిలదొక్కుకుంటాయా అని చూశారు. ఆ తర్వాతే మనుషుల వంతు. ఆ మొదటి పరీక్ష నేరుగా మీ వయసు పిల్లాడి మీద చెయ్యమని నేనైతే చెప్పలేను. మీరు చెప్పగలరా?

అలాగని ఎలుక మనిషైపోదు. ఎలుకలకి నయం చేసిన మందులు ఎన్నో మనుషుల దగ్గరికొచ్చేసరికి పనిచెయ్యలేదు. అందుకే అక్కర్లేని ప్రయోగమంటే నాకు కోపం. వేరే దారి ఉంటే జంతువుని వాడొద్దు, వాడినా వీలైనంత తక్కువ వాడండి, నొప్పి తగ్గించండి అని రసెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటన్ శాస్త్రవేత్తలు 1959లోనే రాశారు. మన దేశంలోనూ ఇలాంటి ప్రయోగానికి కమిటీ అనుమతి కావాలి, అది హైదరాబాద్‌లోని సీసీఎంబీ అయినా సరే. ఆ కమిటీలో నేనుంటే ప్రతిసారీ ఒకటే అడుగుతాను: "ఇన్ని ఎలుకలు ఎందుకండీ?"

ఇప్పుడు మీ వంతు. మీ క్లాసులో ఎవరైనా "ఎలుకలే కదా, పోతే పోయాయి" అంటే ఏం జవాబు చెబుతారు? నాతో ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. కారణం మాత్రం తెలుగులో, ఐదు వాక్యాల్లో రాయండి.