మిర్చిపై నింద చాలు

కడుపులో పుండుకు ఎనుమాముల మార్కెట్ మిర్చిని తిట్టడం వరంగల్‌లో అలవాటు. హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియాయే పుండుకు ప్రధాన కారణమని తేల్చిన మార్షల్, వారెన్‌లకు 2005లోనే నోబెల్ ఇచ్చారు. పుండు ఒక్కటే కాదు, వయసులో ఉన్నవాళ్లు రక్తం కక్కితే మద్యంతో చెడిన కాలేయాన్ని, దాంతో ఉబ్బి పగిలిన అన్నవాహిక సిరలను కూడా అనుమానించాలి. పెద్దవాళ్లలో ముప్పు చాలాసార్లు మందుల షాపు నుంచే మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులకని డాక్టరు చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్ కొందరికి కడుపునొప్పి కూడా తెలియనివ్వకుండానే పుండు చేస్తుంది. దాంతోపాటు గుండెకు ఆస్పిరిన్ వాడేవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. అలాగని డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ మానేయకూడదు. పెద్దవాళ్లకు కడుపులో రక్తస్రావమైతే క్యాన్సర్ ఉందేమో కూడా చూడాలి. రక్తస్రావానికి గుర్తుగా తారులాంటి నల్లటి విరేచనం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి ఏ అర్ధరాత్రి వెళ్లినా ఎండోస్కోపీ, రక్తం అందాలి. చీటీ లేని నొప్పిమాత్రల అమ్మకాన్ని ఔషధ నియంత్రణ అధికారులు అడ్డుకోవాలి.