కరెంటు ఎవరికి, కుప్ప ఎవరికి?

అణు విద్యుత్తులో మంచే లేదని మనం అనం. రియాక్టర్‌లో బొగ్గు పొగ రాదు, రాత్రింబవళ్లు కరెంటు వస్తది. ఈ వేడెక్కుతున్న కాలంలో అది చిన్న సంగతి కాదు. కానీ లెక్క రియాక్టర్ కాడ కాదు, గని కాడ మొదలుపెట్టాలె.

మన దిక్కు టన్ను రాయి పిండి చేస్తే కిలో యురేనియం దొరుకుడు గగనం. మిగిలిన పిండిలోనే రేడియోధార్మికత ఎక్కువ భాగం ఉండిపోతది, వేల ఏండ్లు. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు నాగార్జునసాగర్ జలాశయం పక్కనే ఉన్నయి. ఆ నీళ్లే హైదరాబాద్ కూడా తాగుతది. ఇటు అమ్రాబాద్ చెంచుల ఇల్లు, పులుల అడవి.

2019లో అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం కదిలిన్రు. సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది.

అయితే తీర్మానం చట్టం కాదు, యురేనియం కేంద్రం చేతిలోని ఖనిజం. మన చేతిలో ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం, గ్రామసభ. దేశానికి కరెంటు కావాలె, నిజమే. ఆ కుప్ప పక్కన బతకాల్సినోళ్లను ముందుగాల అడగాలె. మీ పెంటలో, మీ తండాలో గ్రామసభ పెట్టుండ్రి. మీ మాట రాతలో ఉంచుండ్రి.